తమ్ముడి వెన్ను ఎమ్మారై: స్కాన్ బాగుంది, రిపోర్టే భయపెట్టింది

మా తమ్ముడికి 23 ఏళ్లు. భుజాల మీద బరువు పెట్టుకుని గుంజీలు తీస్తుంటే నడుముకి కాస్త పైన కలుక్కుమంది. మూడు వారాలైనా తగ్గలేదు. కూర్చుంటే నొప్పి, తుమ్మితే ప్రాణం పోయినంత పని. కాళ్లలోకి మాత్రం లాగేది కాదు. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. దాంతో డాక్టరు గారు ఎమ్మారై రాశారు. అది తీసిన స్కానింగ్ సెంటర్ గురించే రాస్తున్నాను.

స్కాన్ తీసిన తీరుకి వంక పెట్టను. ఒంట్లో లోహం ఏమైనా ఉందా అని రెండుసార్లు అడిగారు. చెవులకి దూది ఇచ్చారు, మోకాళ్ల కింద దిండు పెట్టారు. ఆ దిండు వల్లే అరగంట కదలకుండా పడుకోగలిగాడు.

అసలు ఇబ్బంది రిపోర్టుతో వచ్చింది. డి12 పూస (ఛాతీ వెనకుండే పూసల్లో ఆఖరిది) కింది అంచులో ష్మోర్ల్ నోడ్, చుట్టూ మజ్జలో వాపు, వేరే జబ్బు కాదని నిర్ధారించుకోవాలి. రాసింది అంతే. ఆ ఆఖరి ముక్క చదివాక మా అమ్మ ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

మర్నాడు పొద్దున్నే మళ్లీ వెళ్లి, అర్థం కాలేదని చెప్పాను. రేడియాలజిస్టు గారు విసుక్కోకుండా మమ్మల్ని లోపలికి పిలిచి, తెర ముందు కూర్చోబెట్టారు. నేనిచ్చే మార్కులన్నీ ఆ పావుగంటకే.

వెన్నుని పక్క నుంచి కోసినట్టుండే బొమ్మ తెరిచారు. పూసల అంచులన్నీ గీత గీసినట్టున్నాయి, డి12 కింద మాత్రం వేలితో నొక్కినట్టు ఓ గుంట. "చూడమ్మా, రెండు పూసల మధ్య మెత్తలా ఉండే డిస్కుకీ ఈ గుంటకీ మధ్య అడ్డుగోడ లేదు. డిస్కులోని మెత్తటి గుజ్జే పైకి పూసలోకి దూరింది" అన్నారు. ఆ గోడని ఎండ్‌ప్లేట్ అంటారట. అందులో డిస్కు వైపుండే మృదులాస్థి పొర మందం మిల్లీమీటరుకి అటూ ఇటూ. చిన్నప్పుడు దాని గుండా వెళ్లిన రక్తనాళాలు మూసుకుపోయిన చోట్ల బలహీనంగా ఉంటుంది. నిలువుగా బరువు పడితే గుజ్జు అక్కడే దారి చేసుకుంటుంది. నరాల వైపు రాదు కాబట్టే కాళ్లలోకి లాగలేదు.

ఇలా గుజ్జు పూసలోకి దూరడాన్నే ష్మోర్ల్ నోడ్ అంటారట. 1927లో దీన్ని వివరంగా రాసిన జర్మన్ పాథాలజిస్టు ష్మోర్ల్ పేరే దీనికి పెట్టారు. చాలామందికి ఇది ఉన్నట్టే తెలియదు, వేరే దేనికో తీసిన స్కాన్‌లో బయటపడుతుంది. వంశపారంపర్యం కూడా పెద్ద కారణమే. ముసలివాళ్లలో ఎముకలు గుల్లబారి కూడా వస్తుంది. ఎదిగే పిల్లల్లో వరుసగా మూడు పూసలు కనీసం 5 డిగ్రీల చొప్పున ముందుకి కుంగి ఉంటే వీపు గూనిలా వంగే షూయర్‌మన్ జబ్బుగా చూడాలట. వాడికి అది లేదని పూసలు ఒక్కొక్కటీ కొలిచి చూపించారు.

తర్వాత స్టిర్ అనే బొమ్మ పెట్టారు. కొవ్వు మెరుపుని అణచేసి నీటిని తెల్లగా చూపించే పద్ధతి అది. గుంట చుట్టూ తెల్లటి మరక ఉంది. అది కొత్త గాయం గుర్తు. పాతదైతే వాపు పోయి, గుంట చుట్టూ ఎముక గట్టిపడి నల్లటి అంచు కడుతుంది. ఎక్స్‌రేకి చాలావరకు దొరికేది ఆ గట్టిపడ్డ అంచే, అందుకే వాడి ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు. సీటీలో అంచు ఇంకా బాగా తెలుస్తుంది గానీ మజ్జలో వాపు తెలియదు.

మరి వేరే జబ్బు మాటేమిటని అమ్మ అడిగింది. ఇన్ఫెక్షనైతే మామూలుగా డిస్కుకి రెండువైపులా పూసలు దెబ్బతిని, డిస్కు కూడా నీరు పట్టినట్టు మెరుస్తుందన్నారు. కణితైతే ఇలా డిస్కులోంచి దారి ఉండదు. మా అమ్మ అప్పుడు ఊపిరి పీల్చుకుంది.

ఇంత తెలిసినవాళ్లు ఆ రెండు మాటలూ రిపోర్టులో ఎందుకు రాయలేదని నా కోపం. కొత్తదా పాతదా, డిస్కుతో కలిసి ఉందా లేదా అన్నది ఇంటికి తీసుకెళ్లే కాగితంలోనే ఉండాలి. అందరూ తిరిగొచ్చి అడగలేరు. ఆ మాటే చెబితే, అక్కడికక్కడే ఆ వాక్యాలు చేర్చి కొత్త రిపోర్టు ఇచ్చారు.

నాలుగు నెలలకి మళ్లీ అక్కడే తీయించాం. తెల్లటి మరక సగానికి పైగా తగ్గింది. ఈసారి రిపోర్టులో పాత బొమ్మతో పోల్చి రాశారు. ఐదుకి నాలుగు.