ఎస్‌టీడీఎం: భూహక్కుల పీజీ విద్యార్థులకు అక్కరకొచ్చే ఉచిత సాఫ్ట్‌వేర్

భూ నిర్వహణ, భూహక్కుల్లో పీజీ చేసేవాళ్లు ఐఎస్‌వో 19152 ప్రమాణాన్ని (భూమి రికార్డుల వివరాలు ఎలా అమర్చాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం) ఎన్నిసార్లు చదివినా, సొంతంగా డేటాబేస్ కట్టి చూస్తేనే అది వంటబడుతుంది. అందుకు ఐక్యరాజ్యసమితి ఆవాసాల సంస్థ యూఎన్-హాబిటాట్ ఆధ్వర్యంలోని జీఎల్‌టీఎన్ (గ్లోబల్ లాండ్ టూల్ నెట్‌వర్క్) తెచ్చిన ఎస్‌టీడీఎం (సోషల్ టెన్యూర్ డొమైన్ మోడల్) చాలా మంచి సాధనం. ఓపెన్ సోర్స్. క్యూజీఐఎస్ అనే ఉచిత మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో ప్లగిన్‌గా నడుస్తుంది, వివరాలు పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో ఉంటాయి.

దీని అసలు బలం హక్కును చూసే తీరులో ఉంది. మనిషి, భూమి, ఆ రెండింటి మధ్య సంబంధం: మూడూ వేర్వేరు పట్టికలు. యజమానినే కాదు, కౌలుదారును, కాగితం లేకుండా తరాలుగా సాగు చేస్తున్న కుటుంబాన్ని కూడా నమోదు చేయొచ్చు. రసీదు, ఫొటో లాంటివి ఆధారంగా జతచేయొచ్చు. పట్టా లేనివాళ్ల హక్కు కూడా రికార్డుకెక్కడం చిన్న సంగతి కాదు.

చాలామంది ఇన్‌స్టాలేషన్ దగ్గరే ఆగిపోతారు. ప్లగిన్‌కు సరిపడే క్యూజీఐఎస్ వెర్షన్ ఏదో ముందే చూసుకోవాలి. మొదట పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్, ఖాళీ డేటాబేస్, అందులో మ్యాపు వివరాలు దాచి లెక్కించే పోస్ట్‌జీఐఎస్ ఎక్స్‌టెన్షన్. ఆ తర్వాతే ప్లగిన్. ఫారంలో ఏ గడులుండాలో కాగితం మీద తేల్చుకున్నాకే ప్రొఫైల్ (ఆ పట్టికలు, గడుల నమూనా) తయారుచేయండి. డేటా ఎక్కించాక మార్పులు తలనొప్పి.

ఇంకో చిక్కు వైశాల్యం. జీపీఎస్ పాయింట్లు అక్షాంశ రేఖాంశాల్లో వస్తాయి. వాటిమీద పోస్ట్‌జీఐఎస్‌లో నేరుగా లెక్క వేస్తే చదరపు డిగ్రీలు వస్తాయి, అవి దేనికీ పనికిరావు. మీటర్లలో కొలిచే యూటీఎం మ్యాపు పద్ధతిలో, సరైన జోన్‌లోకి మార్చి లెక్కించాలి. ఫోన్ జీపీఎస్‌లో కొన్ని మీటర్ల తేడా మామూలే కాబట్టి, చిన్న కమతాల హద్దులకు దాన్ని నమ్మొద్దు.