మూడేళ్లు వాడి చూశాక: ప్రపంచ వ్యవహారాల ట్రైనింగ్ గురించి ఒక సోషల్ టీచర్ మాట

ట్రైనింగ్ ఆఖరి రోజు సాయంత్రం ఫీడ్‌బ్యాక్ ఫారం ఇస్తారు. అప్పటికి అందరి ధ్యాసా బస్సు మీదే ఉంటుంది. అన్ని గడుల్లోనూ 'చాలా బాగుంది' మీద టిక్ కొట్టి బ్యాగు సర్దుకుంటాం. నేనూ అదే చేశాను. అసలు ఫీడ్‌బ్యాక్ ఇప్పుడు రాస్తున్నాను, మూడు విద్యా సంవత్సరాలు క్లాసులో వాడి చూశాక.

హైస్కూల్ సోషల్ టీచర్లకు ప్రపంచ వ్యవహారాలు ఎలా చెప్పాలో నేర్పే కోర్సు ఇది. 2022 మేలో ఐదు రోజులు హైదరాబాద్‌లో, ఆ తర్వాత ఏడాది పాటు నెలకో శనివారం రాత్రి గంటన్నర ఆన్‌లైన్‌లో. నడిపింది ఒక స్వచ్ఛంద సంస్థ. తిట్టాల్సినవి కొన్ని ఉన్నాయి కాబట్టి పేరు రాయను. ఇలాంటి కోర్సుకు వెళ్లాలా వద్దా అని ఆలోచిస్తున్న వాళ్లకు పేరు లేకపోయినా పనికొస్తుందనుకుంటున్నాను.

నేను పనిచేసేది జగిత్యాల వైపు ఒక జెడ్పీ హైస్కూల్లో. పదో తరగతిలో రెండు ప్రపంచ యుద్ధాలు, చైనా, వియత్నాం, నైజీరియా పోరాటాలు, ప్రచ్ఛన్న యుద్ధం అన్నీ చెప్పేదాన్నే. కానీ చెప్పింది పాఠంలా కాదు, పరీక్షలో వచ్చే ప్రశ్నల్లా. కారణాలు ఐదు, ఫలితాలు ఆరు, మ్యాప్ పాయింటింగ్, అయిపోయింది. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలైన వారం పిల్లలు చుట్టూ చేరి, "మేడం, మూడో ప్రపంచ యుద్ధం వస్తదా? మా పరీక్షలు ఉంటయా?" అని అడిగారు. ముందు రోజు రాత్రి టీవీలో విన్న ముక్కలు తప్ప నా దగ్గర ఏమీ లేవు. ఆ సిగ్గుతోనే ఫారం నింపాను.

మొదటి రోజు దండగ. ప్రారంభోత్సవం, పరిచయాలు, '21వ శతాబ్దపు నైపుణ్యాలు' అనే స్లైడ్లు. రెండో రోజు మధ్యాహ్నం మాత్రం ఒక రిసోర్స్ పర్సన్ బత్తాయిలు తెప్పించారు. తొక్క మీద పెన్నుతో ఖండాలు గీసి, చిరగకుండా ఒలిచి, బల్ల మీద చదునుగా పరచమన్నారు. ఎవరివల్లా కాలేదు. గుండ్రటి భూమిని కాగితం మీద పరిచినప్పుడు ఎక్కడో ఒకచోట సాగదీయక తప్పదన్నారాయన. గోడ మ్యాపుల్లో చాలావాటికి ఆధారం 1569లో మెర్కేటర్ గీసిన పద్ధతి. అందులో గ్రీన్‌లాండ్, ఆఫ్రికా ఇంచుమించు ఒకే సైజులో కనిపిస్తాయి. నిజానికి ఆఫ్రికా 14 రెట్లు పెద్దది. సోషల్‌లో పీజీ చేసిన నేను అంతకుముందు ఎప్పుడూ ఆ రెండింటినీ పోల్చి చూడలేదు. ఏటా జూన్‌లో నా మొదటి క్లాసు ఈ బత్తాయితోనే. ఖర్చు కిలో కాయలు. వాటినీ పిల్లలే తినేస్తారు.

అన్నిటికన్నా ఎక్కువగా వాడింది ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి ఆట. 15 చీటీలు, చీటీకో దేశం. 2022 ఫిబ్రవరి 25న రష్యా సైన్యం ఉక్రెయిన్ నుంచి వెళ్లిపోవాలన్న తీర్మానం మీద ఓటింగ్ జరిగింది కదా, అప్పుడు మండలిలో ఉన్న దేశాలే అవి. ఒక్కో చీటీ మీద ఆ దేశం ఇబ్బందులు నాలుగు వాక్యాల్లో ఉంటాయి. అసలు ఫలితం పిల్లలకు ముందే చెప్పకూడదు. రష్యా వచ్చినవాడు ఎగిరి గంతేస్తాడు. గబాన్ వచ్చిన పిల్ల "ఇదెక్కడుంది మేడం" అని మొహం ముడుచుకుంటుంది.

మొదటి ఏడాది జరిగింది ఇప్పటికీ కళ్లముందే ఉంది. ఇండియా చీటీ వచ్చిన అమ్మాయి చెయ్యి ఎత్తలేదు, అటూ లేదు ఇటూ లేదు. నార్వే లేచి, "ఎటూ చెప్పకపోతే భయపడ్డట్టే కదా?" అంది. ఇండియా చీటీ మళ్లీ ఒకసారి చదువుకుని, "మన పిల్లలు ఇంకా ఆడనే ఉన్నరు. వాళ్లు ఇంటికి రాకముందే ఎవలతోని కొట్లాట పెట్టుకోమంటవ్?" అంది. క్లాసు గప్‌చుప్. అప్పుడు అసలు ఫలితం బోర్డు మీద రాశాను: 11 ఓట్లు అనుకూలం, రష్యా వ్యతిరేకం, భారత్, చైనా, యూఏఈ తటస్థం. తొమ్మిది ఓట్లు చాలుగా, మరి తీర్మానం ఎందుకు ఓడిపోయింది? వీటో పాఠం, అంటే రష్యా లాంటి శాశ్వత సభ్యదేశం ఒక్కటి కాదన్నా తీర్మానం ఆగిపోతుందన్న సంగతి, అక్కడి నుంచి మొదలైంది. ఉక్రెయిన్‌లో చిక్కుకున్న మనవాళ్ల కోసం నడిపిన ఆపరేషన్ గంగలో సుమారు 22,500 మందిని వెనక్కి తెచ్చారని చెప్పగానే, నార్వే "అయితే నాది తప్పా?" అని అడిగింది. జవాబు చెప్పలేదు. చెప్పకుండా ఊరుకోవడం కూడా ఆ ట్రైనింగ్‌లోనే నేర్చుకున్నాను. ఇరవై ఏళ్ల సర్వీసులో నాకు అన్నిటికన్నా కష్టమైన అలవాటు అదే.

ఇక ఇబ్బందులు. ఇచ్చిన మెటీరియల్ మూడొంతులు ఇంగ్లీషులో ఉంది. తెలుగు చేసిన భాగం చదివితే ఇంగ్లీషే నయం అనిపించింది. 'శాంక్షన్లు' అని రాస్తే మా పిల్లలకు తెలిసేది, వాళ్లేమో నోరు తిరగని మాటేదో పుట్టించారు. నేను 'ఆంక్షలు' అని చెప్పి నెట్టుకొచ్చాను.

అంతకన్నా పెద్ద తంటా మ్యాపులతో వచ్చింది. ఎక్కడో విదేశీ సైట్ నుంచి తీసుకున్న ప్రపంచ పటాలు ఫైల్లో పెట్టారు. వాటిలో జమ్మూకశ్మీర్ దగ్గర, సరిహద్దు వివాదంలో ఉందన్నట్టు, చుక్కల గీతలు. చూసుకోకుండా పెద్ద సైజులో ప్రింట్ తీయించి గోడకు అంటించాను. రెండు రోజులకు హెచ్ఎం సార్ చూసి, "ఇదేంటమ్మా, సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల సర్కారు పటం కాదా? ఎవరైనా ఫొటో తీసి పెడితే నీకూ నాకూ టెన్షన్" అన్నారు. ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్లు సరైంది. ప్రపంచ పటాల మీద రెండు రోజులు శిక్షణ ఇచ్చి, మన టీచర్ మొదట చూసుకోవాల్సిన ఈ సరిహద్దుల సంగతి చెప్పకపోవడం ఏం పద్ధతి? ఫ్లెక్సీ షాపులో 350 పోయాయి.

మూడోది, వివాదాలున్న అంశం వస్తే క్లాసును రెండు జట్లు చేసి వాదింపజేయమన్నారు. 2023 అక్టోబర్‌లో, ఇజ్రాయెల్ మీద హమాస్ దాడి జరిగి గాజా మీద బాంబులు మొదలైన వారంలో, అలాగే చేశాను. పది నిమిషాలు తిరగకుండానే వాదన ఆ దేశాలను వదిలేసి, ముందు బెంచీలో కూర్చున్న ఇద్దరు పిల్లల మతం మీదికి వచ్చింది. అక్కడికక్కడే ఆపేశాను. ఆ ఇద్దరూ మధ్యాహ్నం దాకా తలెత్తలేదు. ఆ రాత్రి కోర్సువాళ్లకు ఫోన్ చేస్తే, వచ్చే సెషన్‌లో చర్చిద్దామన్నారు. ఇంతవరకు చర్చించలేదు. ఇప్పుడు ఆ పాఠంలో జట్ల మాటే లేదు. 1947 ఐక్యరాజ్యసమితి విభజన తీర్మానం, 1948, 1967 యుద్ధాలు, 1993 ఓస్లో ఒప్పందం, ఇలా ఏడాదికో మ్యాప్ పక్కపక్కనే పెట్టి, ఏం మారిందో పిల్లల చేతే చెప్పిస్తాను. చప్పగా ఉంటుంది, ఉండనివ్వండి.

అదే వారంలో ఒక మంచీ జరిగింది. బోర్డు మీద మూడు గళ్లు గీసి 'తెలిసింది, తెలియంది, ఎవరు చెప్పారు' అని రాయడం కోర్సులో నేర్పారు. స్టాఫ్‌రూమ్ వాట్సాప్‌లో వచ్చిన ఒక రాకెట్ల వీడియోను క్లాసులోని డిజిటల్ ప్యానెల్ మీద వేసి, గళ్లు గీయడం మొదలుపెట్టాను. రెండో గీత పూర్తి కాకముందే వెనక బెంచీ నుంచి ఒకడు, "మేడం, అది గేమ్. ఆర్మా 3" అన్నాడు. ఆ గేమ్ దృశ్యాలను యుద్ధం వీడియోలుగా తిప్పడం ఉక్రెయిన్ యుద్ధం నుంచీ నడుస్తోంది, గేమ్ తయారుచేసిన కంపెనీయే 2022లో ఆ సంగతి బయటపెట్టి హెచ్చరించింది. సోషల్‌లో ఎప్పుడూ పాస్ మార్కులు దాటనివాడు ఆ రోజు హీరో. వీడియో పంపిన మా లెక్కల సార్ మాత్రం ఇప్పటికీ ఒప్పుకోలేదు.

నెలవారీ సెషన్ల గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. పన్నెండింటిలో నాలుగు పనికొచ్చాయి. శనివారం రాత్రి ఏడున్నరంటే ఇంట్లో వంట టైమ్. కెమెరా ఆఫ్ చేసి పప్పు తాలింపు వేస్తూ విన్నవే ఎక్కువ. గ్రూపులో ఇప్పుడు శుభోదయాలు, పదవీ విరమణ శుభాకాంక్షలు మాత్రమే మిగిలాయి.

కోర్సులో లేనిది, నేను కలుపుకున్నది ఒకటుంది. మా క్లాసులో ఎప్పుడు చూసినా పదిమంది పిల్లల నాన్నలు గల్ఫ్‌లో ఉంటారు. యూఏఈ దిర్హమ్ విలువ 1997 నుంచి డాలర్‌కు కట్టేసి ఉంది, డాలర్‌తో రూపాయి పడితే దిర్హమ్‌తోనూ పడుతుంది. 2022 మొదట్లో దిర్హమ్‌కు 20 రూపాయల చిల్లర వచ్చేది, 2023కి 22 దాటింది. దుబాయ్‌లో జీతం పెరగకుండానే ఇంటికొచ్చే డబ్బు ఎందుకు పెరిగింది అని అడిగితే, అప్పటిదాకా నిద్రపోతున్నవాడు కూడా లేచి కూర్చుంటాడు. అలాగే 2023 జులైలో కేంద్రం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపినప్పుడు, అమెరికాలో మనవాళ్లు సోనామసూరి బస్తాల కోసం ఎగబడ్డ వీడియోలు చూసి పిల్లలు పడీపడీ నవ్వారు. మన బియ్యం బాగా కొనే బెనిన్ ఎక్కడుందో పటంలో వెతకమన్నాక నవ్వు తగ్గింది. వరి పండించే ఇంటి పిల్లాడు ఒకడు, "మరి మా బాపుకు రేటు తగ్గదా మేడం?" అన్నాడు. ఈ ప్రశ్న హైదరాబాద్‌లో ఆ ఐదు రోజుల్లో ఎవరూ అడగలేదు. బయటి దేశాల్లో జరిగేవి మన మీద ఎలా పడతాయనే కోర్సంతా. మనం చేసేది వేరేవాళ్ల మీద, మన రైతు మీదే ఎలా పడుతుందన్నది అందులో లేదు.

ఐదుకు మూడు ఇస్తాను. సర్టిఫికెట్ కోసమైతే, ఏటా 50 గంటల శిక్షణ లెక్క సరిపెట్టుకోవడానికైతే, ఇంట్లో కూర్చుని చేసుకునే ఆన్‌లైన్ కోర్సులు చాలు. భద్రతా మండలి ఆట, బత్తాయి, మూడు గళ్లు, ఈ మూడింటి కోసమైతే వెళ్లండి. చేరేముందు తెలుగు మెటీరియల్ ఒక పేజీ పంపమని అడగండి. చంటిపిల్లలున్న వాళ్లు వసతి సంగతి కూడా కనుక్కోండి, మా బ్యాచ్‌లో ఇద్దరు ఆడవాళ్లు రెండో రోజే వెనక్కి వెళ్లిపోయారు.

ఈ వేసవిలో మా మండలం నుంచి ఇద్దరు వెళ్తున్నారు. నా ఫైలు, 15 చీటీలు వాళ్లకిచ్చాను, మ్యాపులున్న పేజీలు తీసేసి.