సెకండ్ హ్యాండ్ మోడల్ 19: ఏళ్ల వాడకం తర్వాత సమీక్ష

స్మిత్ అండ్ వెసన్ మోడల్ 19 రివాల్వర్ చేతిలో చక్కగా ఇమిడిపోతుంది, గురి తప్పదు. అయితే పాతది కొనేటప్పుడు బ్లూయింగ్ (ఉక్కు మీది నీలినలుపు పూత) మెరుపు చూసి మురిసిపోకండి. అసలు చూడాల్సింది ఫోర్సింగ్ కోన్, అంటే బ్యారెల్ వెనక కొస.

1955లో వచ్చిన ఈ .357 మాగ్నమ్ (శక్తిమంతమైన తూటా రకం) రివాల్వర్‌ను కె-ఫ్రేమ్ అనే మధ్యరకం చట్రం మీద కట్టారు. క్రేన్, అంటే తూటాలు పట్టే సిలిండర్‌ను పక్కకు తెరిచే చేయి, మూసుకోవడానికి చోటు కావాలని బ్యారెల్ కొసను అడుగువైపు చదునుగా కోశారు. అక్కడ గోడ పలచన, పగిలేదీ అక్కడే. 110, 125 గ్రెయిన్ల (బుల్లెట్ బరువు కొలత) తేలిక బుల్లెట్ల మాగ్నమ్ తూటాలు తెగ కాల్చినవాటిలో ఈ బెడద ఎక్కువ. ముందుగా తుపాకీ ఖాళీగా ఉందని సిలిండర్ తెరిచి, ఆరు గదులూ చూసి నిర్ధారించుకోండి. కోన్‌ను సాల్వెంట్‌తో తుడిచి టార్చ్ వేయండి. మసి గీత బ్రష్‌కి పోతుంది, పగులు పోదు. పగులు కనిపిస్తే ఎంత చవకగా ఇచ్చినా వద్దనండి. మార్చడానికి బ్యారెల్ దొరకడమే కష్టం.

తర్వాత టైమింగ్, అంటే ప్రతి గదీ సరిగ్గా బ్యారెల్ ఎదురుగా వచ్చి సమయానికి నిలవడం. డమ్మీ తూటాలు వేసి చూడాలి. ఖాళీ గదులతో చూస్తే ఎక్స్‌ట్రాక్టర్ (ఖాళీ తూటాలను బయటికి తోసే భాగం) కాస్త కదిలి, బాగున్న తుపాకీ కూడా చెడినట్టు కనిపించొచ్చు. సిలిండర్ మీద వేలు తేలిగ్గా ఆనించి, హామర్‌ను (తూటాను పేల్చే సుత్తి) బాగా నెమ్మదిగా లాగండి. హామర్ పూర్తిగా నిలిచేలోపే సిలిండర్‌ను ఆపే స్టాప్ దాని గాడిలో పడాలి. ఆరు గదులకూ ఇలాగే చూడండి. అన్నిటికీ ఆలస్యమైతే సిలిండర్‌ను తిప్పే హ్యాండ్ అరిగిందని అనుమానించాలి, ఒక్కదానికే అయితే ర్యాచెట్ (హ్యాండ్ తోసే పళ్ల చక్రం) పన్ను. వదిలేస్తే బుల్లెట్ కోన్ అంచుకు గీసుకుని, సీసం పక్కలకు చిమ్ముతుంది.

హామర్ నిలిచాక వెనక నుంచి బొటనవేలితో గట్టిగా తోయండి. జారి పడిందంటే సియర్ (హామర్‌ను పట్టి ఉంచే కొక్కెం) అరిగింది, లేదా ఎవరో ఆకురాయి పట్టారు.

సిలిండర్‌కూ బ్యారెల్‌కూ మధ్య సందు 0.004 నుంచి 0.008 అంగుళం దాకా ఉండొచ్చు. సిలిండర్‌ను వెనక్కి నెట్టి ఒకసారి, ముందుకు నెట్టి ఒకసారి ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పలుచని రేకులు) కొలవండి. రెండింటి తేడా 0.003 అంగుళం దాటితే షిమ్ (పలుచని ఉంగరం) వేయించాలి. అది చిన్న పనే, ధర తగ్గించమని అడగండి. టాప్ స్ట్రాప్ (సిలిండర్ పైనుండే చట్రం పట్టీ) కింద మంట కోసిన గీత మాత్రం కొంత లోతుకు వెళ్లి ఆగిపోతుంది, దానికి బెంగ వద్దు.

పిడి ముందంచున కింద ఉండే స్ట్రెయిన్ స్క్రూ (హామర్ స్ప్రింగ్‌ను బిగించే మర) పూర్తిగా బిగించి ఉండాలి. ట్రిగ్గర్ తేలికవ్వాలని దాన్ని వదులు చేసేవాళ్లు ఎక్కువ, తూటా పేలకపోవడానికి చాలాసార్లు అదే కారణం.