ఫిగర్ స్కేటింగ్ బ్లేడ్లు "బిగించి, పదును పెట్టి" పంపిస్తామంటే జాగ్రత్త

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు నుంచి పిల్లల్ని ఐస్ స్కేటింగ్‌కి పంపుతున్న తల్లిదండ్రుల కోసం ఇది రాస్తున్నాను. ఆన్‌లైన్‌లో బూట్లు, బ్లేడ్లు కొనేటప్పుడు "మేమే బిగించి, పదును పెట్టి పంపిస్తాం, మీరు నేరుగా మంచు మీదికి దిగొచ్చు" అంటే వెంటనే డబ్బు కట్టకండి. మాకు రెండూ కలిపి నలభై వేలు దాటింది. డబ్బు సంగతి అలా ఉంచితే, సెలవుల క్యాంపులో చాలా రోజులు మా పాప తప్పంతా తనదే అనుకుని ఏడ్చింది. అది ఇంకో పిల్లకి జరగకూడదు.

మన జిల్లాల్లో ఐస్ రింక్ లేదు. పిల్లలు ఇక్కడ వీల్స్ మీద నేర్చుకుని, సెలవులిస్తే గుర్‌గావ్‌కో డెహ్రాడూన్‌కో వెళ్లి మంచు మీద ప్రాక్టీస్ చేస్తారు. అంటే కొన్న బ్లేడు మంచిదో కాదో తెలిసేది ఢిల్లీ రైలెక్కి అక్కడ దిగాకే. అప్పటికి రిటర్న్ గడువు ముగిసిపోతుంది. ఒకసారి మంచు మీద వేస్తే "వాడిన సరుకు" అంటారు.

మా విషయంలో జరిగింది ఇదీ. ఎడమ కాలి మీద పాప హాయిగా జారుతోంది. కుడి కాలి మీద నిలబడితే మాత్రం చీలమండ లోపలికి వాలిపోతోంది, నిటారుగా నాలుగు గజాలు కూడా పోలేకపోతోంది. ఔట్‌సైడ్ ఎడ్జ్ (బ్లేడు బయటి అంచు) మీదికి వెళ్లబోతే పట్టు దొరక్క పక్కకి జారుతోంది. అమ్మినాయనకి ఫోన్ చేస్తే, "కొత్త బ్లేడు కదా మేడమ్, పది రోజుల్లో అలవాటైపోతుంది, పాపని ఇంకొంచెం ప్రాక్టీస్ చెయ్యమనండి" అన్నాడు. మళ్లీ చేసినా అదే మాట. చివరికి రింక్‌లో బ్లేడ్లు చూసే టెక్నీషియన్ బూటు తిరగేసి చూశాడు. కుడి బ్లేడు ముందు భాగం బయటి వైపుకి బిగించి ఉంది. స్క్రూలన్నీ బ్లేడు తర్వాత జరపడానికి వీల్లేని పర్మనెంట్ రంధ్రాల్లోనే దించేశారు. పదును సమంగా లేదు, లోపలి అంచు ఎత్తు, బయటి అంచు పల్లం. అన్నింటికన్నా ఘోరం, బ్లేడు ముందు కొసన ఉండే పళ్లలో అన్నింటికంటే కిందుండే డ్రాగ్ పిక్‌ని గ్రైండర్ మీద అరగదీసేశారు. రెండు బ్లేడ్లూ పక్కపక్కన పెడితే ఆ పన్ను ఎత్తులో తేడా మామూలు కంటికే కనిపిస్తోంది. బ్లేడు ఊడదీసి, పాత రంధ్రాలు పూడ్చి, మళ్లీ బిగించుకోవచ్చు. అరిగిన పన్ను మాత్రం తిరిగి రాదు.

కొత్త బ్లేడుకి అలవాటు పడటం అనేది నిజంగా ఉంటుంది. అందుకే ఆ మాట అనగానే మనం నమ్మేస్తాం. పాత బ్లేడు పదును పెట్టిన కొద్దీ అరిగి కొంత ఎత్తు తగ్గి ఉంటుంది. కొత్తదాని ఎత్తూ, ముందు పళ్ల తీరూ వేరు కాబట్టి మొదట్లో ఆ పళ్లు మంచుకి తగిలి పిల్లలు తూలతారు. తాజా పదును మంచుని గట్టిగా పట్టేస్తుంది, పక్కకి జారి ఆగడం కష్టమవుతుంది. స్పిన్‌లో నిలబడే చోటు మళ్లీ వెతుక్కోవాలి. 7 అడుగుల రాకర్ (బ్లేడు అడుగు పొడవునా ఉండే వంపు వ్యాసార్థం) ఉన్న బ్లేడు నుంచి 8 అడుగుల దానికి మారితే అడుగు వంపు తక్కువగా ఉండటం వల్ల త్రీ టర్న్‌లు (ఒంటికాలి మీద దిశ మార్చి తిరగడం) మొండికేస్తాయి. ఇవన్నీ మామూలే. ముందు స్ట్రోకింగ్ (కాలితో తోసుకుంటూ జారడం), ఎడ్జులు, ఆ తర్వాత టర్న్‌లు, రెండు కాళ్ల స్పిన్, చిన్న జంపులు, ఇలా వరసగా పోతే సర్దుకుంటాయి. కానీ గమనించండి, ఈ ఇబ్బందులు సాధారణంగా రెండు కాళ్లలోనూ ఉంటాయి, ప్రాక్టీస్ చేసిన కొద్దీ తగ్గుతాయి. ఒకే కాలు, ఒకే వైపు, ఎంత ప్రాక్టీస్ చేసినా అదే తీరుగా పడిపోతుంటే వెంటనే బ్లేడునే అనుమానించండి. పిల్ల కాలి తీరు వల్ల కూడా అలా కావచ్చు. అయినా దాన్ని సరిచూసి బ్లేడు జరపడం బిగించేవాళ్ల పనే, పిల్ల భరించాల్సిన పని కాదు.

పార్సిల్ రాగానే ఇంట్లోనే చూసుకోగలిగినవి చాలా ఉన్నాయి. బూటు తిరగేసి మడమ వైపు నుంచి ఒక కన్ను మూసి బ్లేడు వెంట చూడండి. అది మడమ మధ్యలో మొదలై ముందు బొటనవేలికీ దాని పక్క వేలికీ నడుమ వైపుగా పోవాలి. రెండు బూట్లూ పక్కపక్కన పెడితే అద్దంలో బొమ్మల్లా ఒకదానికొకటి సరిపోవాలి. తర్వాత అంచులు. ఫిగర్ స్కేటింగ్ బ్లేడు మందం దాదాపు 4 మిల్లీమీటర్లే, అయినా అడుగున సన్నటి గాడి ఉంటుంది. దీన్నే హాలో అంటారు. ఆ గాడికి రెండు పక్కలా ఉండే అంచులే ఇన్‌సైడ్, ఔట్‌సైడ్ ఎడ్జులు. బ్లేడు పైకి ఉండేలా బూటు పట్టుకుని, ఆ రెండు అంచుల మీదా ఒక చిన్న స్టీల్ స్కేలు అడ్డంగా ఆనించండి. స్కేలు, బ్లేడు కలిసి సరిగ్గా మూలమట్టంలా ఉండాలి. ఒక పక్కకి వాలితే అంచులు సమంగా లేవని అర్థం. ముందు, మధ్య, వెనక మూడు చోట్లా చూడండి. మాది ముందు భాగంలోనే తేడా వచ్చింది, వెనక బాగానే ఉంది. డ్రాగ్ పిక్‌లు రెండింటినీ కలిపి పట్టుకుని ఎత్తు పోల్చండి. పన్ను కొన మీద కొత్తగా గీకిన మెరుపు గీతలుంటే పదును పెట్టేటప్పుడు రాయి తగిలినట్టే.

స్క్రూల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. బ్లేడు ప్లేట్లకి గుండ్రటి రంధ్రాలతో పాటు కోలగా ఉండే రంధ్రాలు కూడా ఉంటాయి. పద్ధతి తెలిసినవాళ్లు ముందు ఆ కోల రంధ్రాల్లో మాత్రమే స్క్రూలు వేస్తారు. పిల్ల మంచు మీద నడిచి చూశాక, లోపలికి వాలుతుంటే బ్లేడుని కొద్దిగా లోపలికి, బయటికి వాలుతుంటే బయటికి జరిపి, అప్పుడు మిగతావి బిగిస్తారు. పిల్ల కాలు చూడకుండా, ఎక్కడో కొట్లో కూర్చుని అన్ని రంధ్రాలూ నింపేసి పంపడం అంటే సవరించుకునే దారి మూసేయడమే. అందుకే ఆర్డర్ పెట్టేటప్పుడే "టెంపరరీ మౌంటింగ్ మాత్రమే చెయ్యండి" అని మెసేజ్‌లో రాయించుకోండి. ఇంకా మంచిది, బూటు, బ్లేడు విడిగా తెప్పించుకుని రింక్‌లో తెలిసినవాళ్ల చేత బిగించుకోవడం. పదునుకి కూడా ఎంత హాలో పెట్టారో అడగండి. ఈ అంకె గాడి వంపు వ్యాసార్థం. ఫిగర్ స్కేటింగ్‌కి అర అంగుళం చాలామంది వాడేది, అంకె తగ్గిన కొద్దీ గాడి లోతు, పట్టు పెరుగుతాయి. ఈ ప్రశ్నకి జవాబు చెప్పలేనివాళ్ల చేతికి బ్లేడు ఇవ్వకండి.

ఇక్కడ మన ఊళ్లో కత్తులకి, కత్తెరలకి సాన పట్టేవాళ్ల దగ్గరికి కూడా పొరపాటున తీసుకెళ్లొద్దు. వాళ్ల పనిలో తప్పేం లేదు, కానీ ఆ రాయి మీద పెడితే గాడి పోయి అడుగు చదునైపోతుంది. సముద్రం దగ్గర ఊళ్లం, కార్తీకంలో వానలు పట్టుకుంటే గాలంతా తేమే. ప్లాస్టిక్ గార్డులు నడవడానికే, వాటిలో పెట్టి దాచితే తుప్పు పడుతుంది. పొడిగా తుడిచి గుడ్డ కవర్లు వేయండి.

అమ్మినాయన డబ్బు వెనక్కి ఇవ్వలేదు. వేరే రాష్ట్రంలో ఉన్నాడు కదా, ఏం చేస్తాంలే అని ఊరుకోనక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, కొన్న సరుకు విలువ 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. అంతకన్నా ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించొచ్చు. నేను అదే చేశాను, స్పందన రాకపోతే నెల్లూరు కమిషన్‌కి వెళ్తాను. దీనికంతటికీ ఆధారాలు కావాలి. పార్సిల్ విప్పుతున్నప్పుడే వీడియో తీయండి, స్క్రూలు, అంచులు, పిక్‌లు దగ్గరగా ఫొటోలు తీసి అదే రోజు అమ్మినవాళ్లకి పంపండి. "అలవాటైపోతుంది" అని ఫోన్‌లో అంటే, ఆ మాటే మెసేజ్‌లో రాసి పంపమని అడగండి.