ఫ్లాట్‌లో పాత గంటల గడియారం: ఏళ్ల తరబడి వాడాక

మా హాల్లో టేకు షోకేసు మీద ఉన్నది జర్మనీ జుంఘాన్స్ కంపెనీ మాంటెల్ గడియారం. మధ్యలో గుండ్రంగా లేచి రెండు పక్కలా వాలుగా దిగే చెక్కపెట్టె. నెపోలియన్ టోపీ మోడల్ అంటారు. వెనక తలుపు తీస్తే ఇత్తడి ప్లేటు మీద ఎనిమిది కోణాల నక్షత్రం, దాని మధ్యలో 'జె' గుర్తు. చలిమంట గూటి మీద పెట్టుకోవడానికి పుట్టిన వస్తువు ఇది. మన హైదరాబాద్‌లో ఆ గూడు ఎవరింట్లో ఉంది కనుక! షోకేసో, టీవీ యూనిట్టో ఏదైనా సరే, కదలకుండా ఉంటే చాలు.

ఇలాంటివి ముర్గీ చౌక్ వైపు పాత సామాన్ల దుకాణాల్లోనూ, గురువారం జుమేరాత్ బజార్‌లోనూ కనబడతాయి. అందరూ ముందు చూసేది పాలిష్. నేనైతే చెవితో కొనమంటాను. గడియారాన్ని సమంగా ఉన్న బల్ల మీద పెట్టించి, లోలకం ఊపి, ఫ్యాను ఆపమనండి. టిక్‌కీ టాక్‌కీ మధ్య ఎడం సమానంగా ఉండాలి. కుంటివాడి నడకలా ఒకటి పొడుగు, ఒకటి పొట్టిగా వినిపిస్తే కాసేపటికి ఆగిపోతుంది. ఒక పక్క కింద మడిచిన కాగితం పెట్టి చూడండి. శబ్దం సర్దుకుంటే అది చిన్న సర్దుబాటే, భయం లేదు. అప్పటికీ నీరసంగా కొట్టుకుంటుంటే లోపల అరుగుదల ఉన్నట్టు. ఇరుసులు తిరిగే రంధ్రాలు కోలగా సాగి, చుట్టూ నల్లటి జిడ్డు పేరుకుని కనిపిస్తుంది.

ఆగిపోయిన గడియారాన్ని చూపించి ఒక దుకాణదారు నాతో అన్నాడు: "కీ ఎక్కువ తిప్పేసిన్రు మేడం, అంతే. జర ఆయిల్ కొడితే నడుస్తది." ఇది ఎక్కడైనా వినబడే మాటే. నిండా కీ ఇచ్చినంత మాత్రాన గడియారం చెడదు. పాత నూనె ఎండి జిగురై చక్రాలను పట్టేస్తుంది. దాని మీద కుట్టుమిషను నూనె కొడితే నాలుగు రోజులు నడిచి మళ్లీ మొండికేస్తుంది. మొత్తం విప్పి, కడిగి, గడియారాల నూనె వేయాలి. ఆ ఖర్చు కూడా కలుపుకునే బేరమాడండి. నేను అలాగే చేశాను.

డయల్ మీద కీ రంధ్రాలు లెక్కపెట్టండి. ఒక్కటుంటే టైం మాత్రమే. రెండుంటే గంటలు కూడా కొడుతుంది. మూడుంటే పావుగంటకోసారి రాగం. లండన్ బిగ్ బెన్ గడియారం వాయించే వెస్ట్‌మినిస్టర్ రాగం వినడానికి గొప్పగానే ఉంటుంది. కానీ పావుకు 4, అరకు 8, ముప్పావుకు 12, గంటకు 16 చొప్పున గంటలో 40 స్వరాలు, రోజుకు 960. వాటికి గంటల దెబ్బలు అదనం. సాలార్‌జంగ్ మ్యూజియంలో గంటకోసారి బొమ్మ బయటికొచ్చి కొట్టే గడియారం ముందు జనం గుమిగూడతారు నిజమే, కానీ వాళ్లెవరూ రాత్రి అక్కడ పడుకోరు. ఫ్లాట్‌కు రెండు రంధ్రాలదే మేలు. గంటకీ అరగంటకీ కలిపి రోజుకు 180 దెబ్బలతో సరిపోతుంది. చెక్క షోకేసు మీద మోత గుండ్రంగా వస్తుంది. అదే గడియారాన్ని గ్రానైట్ పలక మీద పెడితే పొడిగా వినిపించింది.

వారానికోసారి, ఆదివారం పొద్దున, కీ ఇస్తాను. ఎనిమిది రోజులు నడుస్తుంది కాబట్టి ఒక రోజు మరిచినా ఫరవాలేదు. సెకన్ల లెక్క చూసుకునేవాళ్లకు మాత్రం ఇది పనికిరాదు. ఉక్కు కడ్డీ లోలకమైతే ఒక డిగ్రీ వేడి పెరిగితే రోజుకు దాదాపు అర సెకను వెనకబడుతుంది. డిసెంబరుకూ మేకూ ఇంట్లో 20 డిగ్రీల తేడా ఉందనుకోండి, వారానికి నిమిషం పైనే. లోలకం గుండు కింద ఉన్న మరను కాస్త పైకి తిప్పితే వేగం పుంజుకుంటుంది. ముల్లును వెనక్కి తిప్పకండి, గంటల లెక్క తప్పే ప్రమాదముంది. ముందుకే తిప్పుతూ ప్రతి గంటకీ అరగంటకీ ఆగి, కొట్టనివ్వాలి.

వానాకాలంలో పైన అతికించిన పల్చటి చెక్క పొర అంచుల్లో లేస్తుంది. కిటికీకి దూరం పెట్టాక మాకు ఆ బెడద తగ్గింది. డయల్‌కు వెండిపూత ఉంటే పూజ సామానులా చింతపండు పెట్టి తోమకండి. పూత పోయి కింద ఇత్తడి బయటపడుతుంది. ఇంటికి తెచ్చుకునేటప్పుడు లోలకం ఊడదీసి బట్టలో విడిగా చుట్టండి. దాన్ని వేలాడదీసే సన్నటి ఉక్కు రేకు ఆటో కుదుపులకే విరిగిపోగలదు.

ఇన్నాళ్లలో నాకు మిగిలిన చిరాకు ఒక్కటే. పన్నెండున్నరకు ఒక దెబ్బ, ఒంటిగంటకు ఒక దెబ్బ, ఒకటిన్నరకూ ఒకే దెబ్బ. ఆ వేళలో మెలకువ వస్తే టైం ఎంతయిందో తెలియడానికి ఫోన్ చూడాల్సిందే.