రాజ్యసభ ప్రయోజనాల రిజిస్టర్: ఫీజు దొరుకుతుంది, కక్షిదారు దొరకడు

ఎంపీగా ఉంటూనే కోర్టుల్లో వాదించవచ్చా? వాదించవచ్చని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరులో తేల్చింది. ఉద్యోగం చేస్తూ ప్రాక్టీసు చేయకూడదనే బార్ కౌన్సిల్ 49వ నిబంధన పూర్తికాలపు జీతగాళ్లకే వర్తిస్తుందని, చట్టసభ సభ్యులు ఆ కోవలోకి రారని చెప్పింది. ప్రాక్టీసుకు అడ్డు లేనప్పుడు ఓటరుకు మిగిలే రక్షణ ఒక్కటే: ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో బయటపెట్టే ఏర్పాటు. లోక్‌సభలో అలా సభ్యుల ఆర్థిక ప్రయోజనాలను నమోదు చేసే రిజిస్టర్ లేదు. రాజ్యసభలో 293వ నియమం కింద ఉంది.

సభ్యుడు ప్రమాణం చేసిన 90 రోజుల్లోగా ఫారం నింపి ఇవ్వాలి. అందులో అయిదు పద్దులు: డైరెక్టర్ పదవులు, క్రమం తప్పని ఆదాయమిచ్చే పనులు, కంపెనీపై అదుపునిచ్చే వాటాలు, కన్సల్టెన్సీ, వృత్తి. వకీలు ఫీజులు వృత్తి పద్దులోకి వస్తాయి. అసలు లోపం అక్కడే. ఆ గడి పని వివరణను, వచ్చిన సొమ్మును అడుగుతుంది. ఎవరి తరఫున పనిచేశారో అడగదు. 'న్యాయవాద వృత్తి' అని రాసి మొత్తం వేస్తే గడి నిండినట్టే. కానీ ఏడాదికి ఎంత వచ్చిందన్నదానికన్నా, టెలికాం బిల్లుపై ఓటేసే సభ్యుడికి టెలికాం కంపెనీ ఫీజు చెల్లిస్తోందా అన్నదే ముఖ్యం.

కాబట్టి రిజిస్టర్‌ను ఒంటరిగా చదవకండి. ఎన్నికల సంఘం సైట్‌లో ఫారం 26 అఫిడవిట్ (నామినేషన్‌తో అభ్యర్థి ఇచ్చే ప్రమాణపత్రం) తీసి, వృత్తి, ఆదాయ వనరు, గత అయిదేళ్ల రిటర్నుల్లో చూపిన ఆదాయం పక్కన పెట్టుకోండి. తర్వాత కోర్టు సైట్లలో న్యాయవాది పేరుతో వెతకండి. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే. కోర్టు 'సీనియర్' హోదా ఇచ్చిన న్యాయవాది వకాలత్ (కక్షిదారు తరఫున వాదించే అధికారపత్రం) వేయరు, వేయకూడదు. కేసు జూనియర్ పేరుతోనో, సుప్రీంకోర్టులో అయితే అక్కడ కేసు దాఖలు చేసే అర్హత ఉన్న అడ్వకేట్ ఆన్ రికార్డ్ పేరుతోనో నమోదవుతుంది. పేరు వెతుకులాటలో ఏమీ రాకపోతే ప్రాక్టీసు లేదని అనుకోవద్దు. ఉత్తర్వుల్లో 'హాజరైనవారు' అని ఉండే చోట ఆ పేరు కోసం చూడాలి. చివరగా ఆ ఉత్తర్వుల్లో కనబడిన కక్షిదారుల వ్యాపారాన్ని, సభ్యుడున్న స్థాయీ సంఘం (శాఖల పనిని, బిల్లులను పరిశీలించే పార్లమెంటు కమిటీ) పరిధిని పోల్చాలి. కోర్టు మెట్లెక్కని సలహాలు మాత్రం ఈ దారిలో ఎంత వెతికినా కనబడవు. పెద్ద ఫీజులు అక్కడ ఉండే అవకాశమూ ఉంది.

294వ నియమం మంచిది, రిజిస్టర్‌కన్నా పదునైనది. చర్చకొచ్చిన విషయంలో సొంత ఆర్థిక ప్రయోజనం ఉంటే, రిజిస్టర్‌లో రాసినా సరే, ముందు ఆ సంగతి చెప్పాకే మాట్లాడాలి. అయితే చెప్పాల్సింది సభ్యుడే. కక్షిదారు పేరు ఎక్కడా నమోదు కానప్పుడు, చెప్పలేదని పట్టుకునేదెలా? వృత్తి గోప్యత అడ్డమన్న వాదన కోర్టు కేసులకు నిలవదు. ఎవరి తరఫున వాదించారో ఉత్తర్వులోనే అచ్చవుతుంది. కనీసం ఆ పేర్లకు రిజిస్టర్‌లో ఒక గడి పెట్టి తీరాలి.

రిజిస్టర్ నకలు కావాలంటే రాజ్యసభ సచివాలయం ప్రజా సమాచార అధికారికి 10 రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. జవాబుకు గడువు 30 రోజులు. మొదటి ఫారంతో సరిపెట్టుకోక, తర్వాత ఇచ్చిన మార్పుల నోటీసులను కూడా తేదీలతో సహా అడగండి. ప్రమాణం నాటి ఫారం ఒక్కటే చేతికొస్తే, ఆ తర్వాత మొదలైన పని అందులో ఉండదు.