మొఘల్ కట్టడాల ఫొటో టూర్‌కి డబ్బు కట్టబోతున్నారా? ముందు ఇది చదవండి

తాజ్‌మహల్ ఎదురుగా ట్రైపాడ్ పెట్టి సూర్యోదయం తీయిస్తామని ఏ టూర్ పోస్టర్ మీదైనా కనిపిస్తే అక్కడే ఆగండి. తాజ్ లోపలికి ట్రైపాడ్ రానివ్వరు. డబ్బు కట్టారా లేదా, ప్రొఫెషనలా కాదా అని ఎవరూ అడగరు. గేటు దగ్గర స్కానర్‌లో కనిపించగానే వెనక్కి పంపేస్తారు.

ఢిల్లీ, ఆగ్రా, ఫతేపూర్ సిక్రీ కలిపి మొఘల్ కట్టడాల ఫొటోగ్రఫీ టూర్లంటూ ప్రకటనలు ఈ మధ్య ఇన్‌స్టాలో, వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతున్నాయి. పోయిన చలికాలం అలాంటి ఒక బ్యాచ్‌తో వెళ్లొచ్చాను. నిర్వాహకుల పేరు ఇక్కడ రాయడం లేదు. ఇలాంటివాళ్లు పేరు మార్చుకుని మళ్లీ వస్తారు కాబట్టి పద్ధతి తెలిస్తేనే మీకు ఉపయోగం. అక్కడ ఎవరికీ అనుమతి లేని పనులనే ‘మా స్పెషల్’ అని చెప్పి అమ్మడం, ఇదీ వాళ్ల పద్ధతి.

మాకు పంపిన సామాన్ల లిస్టులో ‘ట్రైపాడ్ తప్పనిసరి’ అని ఉంది. తెల్లవారకముందే చలిలో వణుకుతూ తూర్పు గేటుకి చేరాం. తాజ్ తెరిచేది సూర్యోదయానికి అరగంట ముందు. మా బ్యాచ్ మొత్తాన్నీ ట్రైపాడ్ల కోసం ఆపేశారు. సామాను భద్రపరిచే చోటికి వెళ్లి, క్యూలో నిలబడి, రసీదు తీసుకుని, మళ్లీ చెకింగ్ లైన్లోకి వచ్చేసరికి మంచి వెలుతురు అయిపోయింది. ‘స్పెషల్ పర్మిషన్ ఉందన్నారు కదా, కాగితం చూపించండి’ అని ఒక పెద్దాయన అడిగారు. ‘అప్లై చేశాం సర్, పై నుంచి రాలేదు’ అన్నాడు నిర్వాహకుడు. పురావస్తు శాఖ కింద ఉన్న మిగతా కట్టడాల్లో కూడా ట్రైపాడ్ వాడాలంటే ముందుగా రాతపూర్వక అనుమతి ఉండాలి. నిజంగా అనుమతి తెచ్చుకున్నవాళ్ల దగ్గర కట్టడం పేరు, తేదీ ఉన్న కాగితం ఉంటుంది. డబ్బు కట్టేముందే దాని కాపీ అడగండి. ‘అక్కడ మనవాళ్లున్నారు’ అనే జవాబు వస్తే ఆ కాగితం లేనట్టే.

పోస్టర్ మీద తాజ్ ప్రధాన సమాధి గది లోపలి ఫొటో కూడా ఉంది. లోపల ఫొటోలు తీయడం నిషేధం, బోర్డు పెట్టే ఉంటుంది. పై నుంచి డ్రోన్‌తో తీసిన బొమ్మ ఒకటి ఉంది. తాజ్ పరిసరాల్లో డ్రోన్ ఎగరేస్తే పోలీసు కేసే.

ఇక ‘కెమెరా ఫీజు’ కథ. ఒక్కొక్కరి దగ్గర విడిగా వసూలు చేశారు. తాజ్‌లో మామూలు స్టిల్ కెమెరాకి వేరే టికెట్ అంటూ ఏమీ లేదు. భారతీయులకు ప్రవేశం 50 రూపాయలు, ప్రధాన సమాధి ఉన్న వేదిక మీదికి ఎక్కాలంటే ఇంకో 200. ఆ 200 టికెట్టునే మాకు ఫొటోగ్రఫీ టికెట్ అని చూపించారు. టికెట్ మీద ఏం రాసుందో చదివిన వాళ్లని ‘లైట్ పోతోంది, త్వరగా నడవండి’ అని తొందరపెట్టారు. టికెట్ చెల్లేది 3 గంటలే, అందులో సగం క్యూలకే పోయింది.

తేదీల విషయంలో చేసింది ఇంకా ఘోరం. మా ప్రోగ్రాంలో రెండోసారి తాజ్ చూడటం శుక్రవారం పెట్టారు. శుక్రవారం సందర్శకులకు తాజ్ ఉండదు. ఆగ్రాలో టీకొట్టు అబ్బాయికి కూడా తెలిసే సంగతి, టూర్లు నడిపేవాడికి తెలియదంటే నేను నమ్మను. ఆ ఉదయం ‘బదులుగా సర్‌ప్రైజ్’ అని చెప్పి ఒక పాలరాతి షోరూమ్‌కి తీసుకెళ్లారు. నగిషీ పని ఎలా చేస్తారో చూపించాక బల్లలు, పళ్లేలు కొనమని వెంటపడ్డారు. కమీషన్ వ్యవహారమని వేరే చెప్పాలా? ఢిల్లీ ఎర్రకోటకి సోమవారం సెలవు, అది కూడా చూసుకోండి.

‘పున్నమి వెన్నెల్లో తాజ్’ అని ఇంకో ఆకర్షణ. రాత్రి సందర్శన నిజంగానే ఉంది, కానీ పున్నమి రాత్రి, దానికి ముందు రెండు, తర్వాత రెండు, మొత్తం 5 రాత్రులే. వాటిలో శుక్రవారం పడితే ఉండదు, రంజాన్ నెలలో అసలే ఉండదు. బ్యాచ్‌కి 50 మంది, అరగంట సమయం, అదీ దూరంగా నిలబడి చూడటమే. మా టూర్ తేదీలకీ పున్నమికీ సంబంధమే లేదని క్యాలెండర్ తిప్పితే తెలిసిపోయింది. చివరికి ఒక హోటల్ డాబా మీదికి ఎక్కించి, చీకట్లో మసగ్గా కనిపిస్తున్న గుమ్మటం చూపించి అయిందనిపించారు. డిసెంబరు, జనవరి బ్యాచ్‌లకి ‘సూర్యోదయం గ్యారంటీ’ అని రాసినా నవ్వుకోండి. పొగమంచు దట్టంగా పట్టిన రోజున ఎదురుగా నిలబడ్డా తాజ్ కనిపించదు. నిజాయితీ ఉన్నవాళ్లు ఆ మాట ముందే చెబుతారు.

నాకు బాగా కడుపు మండింది మాత్రం ఇతిమాద్-ఉద్-దౌలా సమాధి దగ్గర. నూర్జహాన్ తన తండ్రి కోసం 1622, 1628 మధ్య కట్టించింది. పాలరాతిలో రంగురాళ్లు పొదిగిన పని అక్కడున్నంత దగ్గరగా, అంత ప్రశాంతంగా తీసుకోవడం తాజ్‌లో కుదరదు. జనం తక్కువ, జాలీల్లోంచి పడే వెలుతురు అద్భుతం. షోరూమ్‌లో పొద్దంతా గడిపి, ఇక్కడ మాత్రం ‘గ్రూప్ ఫొటో అయ్యాక బస్సెక్కండి’ అన్నారు. తాజ్‌కి ఎదురుగా యమున అవతలి ఒడ్డున ఉన్న మెహతాబ్ బాగ్ తోటకి సూర్యాస్తమయం కోసం బయల్దేరి, గేటు మూసే వేళకి చేరాం.

పోస్టర్ మీద ఉన్న ఫొటోగ్రాఫర్ రానేలేదు. ‘ఆయన టీమ్ మెంబర్’ అని వేరే కుర్రాడు వచ్చాడు. హుమాయూన్ సమాధి దగ్గర అందరినీ పెళ్లి గ్రూప్ ఫొటోకి నిలబెట్టినట్టు ఒకేచోట నిలబెట్టి ఒకే ఫ్రేమ్ తీయించాడు. పైగా హుమాయూన్ తన కోసం తనే కట్టించుకున్నాడని చెప్పాడు. కట్టించింది ఆయన చనిపోయాక భార్య బేగా బేగం. ఫతేపూర్ సిక్రీలో మమ్మల్ని ఒక లోకల్ గైడుకి అప్పజెప్పి మాయమయ్యాడు. ఆ గైడు సలీం చిష్తీ దర్గాలో సమాధి మీద కప్పే చాదర్ కొనమని ఒకటే ఒత్తిడి. బులంద్ దర్వాజా, దర్గా ఉన్న భాగంలోకి ప్రవేశం ఉచితం, టికెట్ ఉన్నది అక్బర్ రాజభవనాల వైపు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న గైడు మెడలో ఫొటోతో కార్డు ఉంటుంది, చూపించమంటే మొహమాటపడడు.

డబ్బంతా ముందే, ఒక వ్యక్తి సొంత యూపీఐ నంబరుకి కట్టించుకున్నారు. బిల్లు లేదు, జీఎస్టీ నంబరు లేదు. తిరిగొచ్చాక రిఫండ్ అడిగినవాళ్లని వాట్సాప్ గ్రూపులోంచి తీసేశారు. ‘నాన్ రిఫండబుల్ అని ముందే చెప్పాం’ అని ఒక మెసేజ్ మాత్రం పెట్టారు. చెప్పిన సేవ ఇవ్వనప్పుడు ఆ ఒక్క మాట వాళ్లని కాపాడదు.

ఇప్పటికే ఇలాంటివాళ్ల చేతిలో పడి ఉంటే పోస్టర్, ప్రోగ్రాం, చాట్, యూపీఐ రసీదు అన్నిటికీ వెంటనే స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. గ్రూపులోంచి తీసేసేలోపే ‘చాట్ ఎక్స్‌పోర్ట్’ చేసుకోండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే తెలుగులోనే ఫిర్యాదు చెప్పొచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు, ఆగ్రాకో ఢిల్లీకో తిరగాల్సిన పని లేదు. కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, కేసు వేయడానికి గడువు 2 ఏళ్లు. మా బ్యాచ్‌లో కొందరం కలిసి 1915లో ఫిర్యాదు నమోదు చేశాం. అదే బ్యాచ్‌లో వచ్చినవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే మీ రసీదులు దాచి ఉంచండి, కమిషన్‌కి వెళ్లేటప్పుడు మీ కాగితాలు కూడా కలుపుదాం.